మేనమామ తెచ్చిన పువ్వు

దేవుడు లేడని లక్ష్మీపతికి ఉన్నంత గట్టి నమ్మకం, దేవుడున్నాడని గుడి పూజారులకైనా ఉంటుందో ఉండదో. పేరులోనే దేవుణ్ని పెట్టుకుని దేవుడితో పేచీ ఏందప్పా అని కుప్పంలో తోటి లెక్చరర్లు ఆటపట్టిస్తే, "పేరు మా నాయన పెట్టినాడు, బుద్ధి నేను తెచ్చుకున్నా" అనేవాడు. జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాడు. ఆదివారాలు ఊళ్లు తిరిగి, నాలుక మీద కర్పూరం వెలిగించుకుని, కొబ్బరికాయలోంచి ఎర్రనీళ్లు తెప్పించి, ఇందులో మహిమ ఏమీ లేదని పిల్లలకు చూపించేవాడు. ఒక్కగానొక్క చెల్లెలు వసుధను మాత్రం మార్చలేకపోయాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచి ఇంట ఓడిన రకం.

వసుధను పుంగనూరు దగ్గర బండకాడపల్లెలో ఇచ్చారు. మొగుడు వెంకటేష్‌కు ఐదెకరాల మెట్ట, రెండు బోర్లు, అందులో ఒకటి ఎండింది. టమోటా పండించి మదనపల్లె మార్కెట్టుకు తోలుతాడు. ఆ ఇంట్లో గంగమ్మను అడగనిదే ఏ పనీ మొదలుపెట్టరు. అడగడమంటే, తడిపిన గన్నేరు పువ్వును అమ్మవారి తలమీద పెట్టించి చేతులు కట్టుకుని నిలబడాలి. పువ్వు జారి కుడి భుజం వైపు పడితే అమ్మ సరేనన్నట్టు, ఎడమకు పడితే వద్దన్నట్టు. బోరు వేయాలన్నా పువ్వే, సంబంధం ఖాయం చేయాలన్నా పువ్వే. వసుధ అత్త నాగమ్మ ట్రాక్టరు రంగు కూడా పువ్వుతోనే తేల్చిందని లక్ష్మీపతి ఎగతాళి చేసేవాడు. ఎండిపోయిన బోరుకు కూడా పువ్వు కుడికే పడింది గదా అత్తా అని పొడిస్తే, "నీళ్లుండాయని అమ్మ సెప్పింది. మనం దించిన లోతు సాల్లేదు" అనేది ఆమె. అలాంటి మనిషితో ఎవరు గెలుస్తారు?

పోయిన ఏడాది వానాకాలంలో వసుధ కూతురు వర్షిత బడిమెట్లు ఎక్కుతూ కూలబడింది. పదేళ్ల పిల్ల, ఐదో తరగతి. మదనపల్లెలో డాక్టరు స్కాను తీసి గుండెలో రంధ్రం ఉందన్నాడు. పుట్టుకతో వచ్చిందట, ఇన్నాళ్లూ బయటపడలేదట. ఆరు నెలల్లోపల బెంగుళూరులో ఆపరేషన్ చేయించమన్నాడు. వందలో తొంభై ఐదు మంది బాగుపడి ఇంటికి పోతారని కూడా చెప్పాడు. లక్ష్మీపతి ఆ తొంభై ఐదు మందిని పట్టుకున్నాడు. నాగమ్మ మిగిలిన ఐదుగురిని పట్టుకుంది.

"అమ్మను అడగాల," అంది ఆమె.

"డాక్టరును అడిగినాం గదా అత్తా."

"వందలో తొంభై ఐదు అంటాండాడు ఆయప్ప. మన బిడ్డ ఏ పక్క ఉండాదో ఆయప్పకు తెలుసునా? అమ్మకు తెలుసు."

లక్ష్మీపతి చెల్లెలి వైపు చూశాడు. వసుధ డిగ్రీ చదివింది. అందులోనూ సైన్సే. ఆమె తలెత్తకుండా, "ఎడమకు పడితే నేను బిడ్డను పంపను న్నా" అంది. ఆ రాత్రి వర్షిత ఆయన పక్కన పడుకుని, "మామా, కత్తితో కోస్తారా?" అని అడిగింది. నిద్రలో తెలీకుండా కోస్తారులే అని చెప్పాడు గానీ, పిల్ల పెదవుల నీలిరంగు చూస్తుంటే ఆయనకు భయమేసింది. ఒక గన్నేరు పువ్వు ఎటు జారుతుందన్న దాని మీద ఈ పిల్ల ప్రాణం ఆధారపడి ఉంది. అంతకన్నా దుర్మార్గం ఇంకేముంటుందనిపించింది.

ఆ ఇంటి ఆనవాయితీలో ఇంకొక తిరకాసు ఉంది. ఆడపిల్ల విషయంగా అమ్మను అడగాలంటే పువ్వును మేనమామే తేవాలి. ఇరవై ఏళ్లుగా గుడి గడప తొక్కని లక్ష్మీపతి పళ్లెంలో పువ్వు పట్టుకుని ముందు నడవాలి. ఆయన కిమ్మనకుండా ఒప్పుకునేసరికి నాగమ్మ ఆశ్చర్యపోయింది, వసుధ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన ఒప్పుకోవడానికి కారణం వేరే ఉందని ఇద్దరికీ తెలియదు.

ముందురోజు సాయంత్రం ఆయన గుడి పూజారి పాపయ్య దగ్గరికి పోయాడు. పాపయ్యకు అరవై దాటాయి. పొద్దున గొర్రెలు తోలుకుపోతాడు, మిగతా పొద్దు గుడి చూసుకుంటాడు.

"మామా, రేపు పువ్వు పెట్టేటప్పుడు కాడ కుడిపక్కకు వాల్చి పెట్టు. బరువంతా కాడలో ఉంటాది. అటే జారుతుంది," అన్నాడు లక్ష్మీపతి, క్లాసులో చెప్పినట్టు.

పాపయ్య ఆయన మొహంలోకి చూశాడు. "నువ్వు లేదనే యమ్మ సేత అబద్ధం సెప్పించమంటాండావు."

"బిడ్డ బతకాల మామా."

పాపయ్య ఔననలేదు, కాదనలేదు. చేతులు పంచెకు తుడుచుకుని లోపలికి పోయాడు. మౌనం అంగీకారమనుకోవడం చదువుకున్నవాళ్లకు అలవాటే, లక్ష్మీపతి కూడా అలాగే అనుకున్నాడు.

మర్నాడు పువ్వు అమ్మవారి తలమీద చాలాసేపు కదలకుండా నిలిచింది. నాగమ్మ పెదవులు ఆడుతూనే ఉన్నాయి. చివరికి పువ్వు కొంచెం వంగి, ఆగి, కుడి భుజం మీదుగా జారి కింద పడింది. వసుధ కూతుర్ని వాటేసుకుని, "సూసినావా? అమ్మ సరే అనింది. నీకేమీ కాదు బంగారూ" అని ముద్దులు పెట్టుకుంది. పిల్ల మొహంలో భయం పోయింది. సైన్సు ఈ ఒక్కసారికి దొడ్డిదారిన పోయినా చేరాల్సిన చోటికే చేరిందని లక్ష్మీపతి లోలోపల మురిసిపోయాడు.

ఆపరేషన్ బాగానే అయింది. మూడోరోజు నెత్తురు గడ్డ ఒకటి మెదడుకు పోయింది. నాలుగోరోజు వర్షిత లేదు. ఎవరి తప్పూ లేదని, వందలో కొందరికి ఇలా అవుతుందని డాక్టర్లు చెప్పారు. లక్ష్మీపతికి ఆ లెక్క ముందే తెలుసు. తెలిసి మాత్రం ఏం లాభం? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది. ఆదివారాలు ఊళ్లకు పోవడం మానేశాడు. ఆ పువ్వును తానే పడేయించానన్న మాట మూడు నెలలుగా గొంతులో ముల్లులా ఉంది, మింగలేడు, కక్కలేడు.

అప్పుడు నాగమ్మ ఫోన్ చేసింది.

"లక్ష్మీపతప్పా, ఒకసారి వచ్చిపోప్పా. వసుధ నా మాట వినడంల్యా. నాలుగు దినాలుగా కూడు ముట్లేదు. అమ్మ పటాన్ని గోడకు తిప్పి పెట్టేసింది. వెంకటేషు టమోటా మందుడబ్బాలన్నీ తీసకపోయి వాళ్ల సావాసగాని ఇంట్లో దాసిపెట్టొచ్చినాడు."

మందుడబ్బాలు ఎందుకు దాచిపెట్టాడో ఆమె చెప్పలేదు, ఈయన అడగలేదు. కుప్పంలో బస్సెక్కి, పలమనేరు మీదుగా పుంగనూరులో దిగి, ఆటో పట్టుకుని బండకాడపల్లె చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. వెంకటేష్ కాయలతో మదనపల్లె పోయి ఉన్నాడు. వసుధ వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉంది. పక్కన వర్షిత బడిసంచి. ఆ సంచి కొనిచ్చింది లక్ష్మీపతే. చెల్లెలి ముంజేతులు పుల్లల్లా ఉన్నాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"రా న్నా," అంది వసుధ. "నీ కోసరమే కాసుకోనుండాను. నన్ను మీ మీటింగుకు పిల్సకపో."

"ఏ మీటింగుకమ్మా?"

"దేవుడు లేడని సెప్తారే, ఆ మీటింగుకు. నేను మాట్లాడతా. నాకు తెలిసినట్ట మీకెవ్వురికీ తెలీదు."

ఈ మాట చెల్లెలి నోట వినాలని ఎన్నేళ్లు ఎదురుచూశాడో! వినే రోజు వస్తే ఎట్లా నవ్వాలో కూడా అనుకుని పెట్టుకున్నాడు. ఇప్పుడు వింటే ఆ నవ్వు రాలేదు.

లోపలినుంచి నాగమ్మ అంది: "అట్లనగూడదు మ్మా. పోయిన జన్మలో బిడ్డ ఏం పాపం సేసుకోనుండాదో. మన కరుమ."

వసుధ గిరుక్కున తిరిగింది. "పదేండ్ల బిడ్డ అత్తా! సీమలను సూసి పక్కకు తప్పుకోని నడిసేది. దానికి పాపం అంటగడ్తావా?"

నాగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెకు మాత్రం మనవరాలు కాదా? ఏదో ఒక కారణం దొరక్కపోతే ఆమె కూడా బతకలేదు, అందుకని దొరికిన కారణాన్ని పట్టుకుంది. లక్ష్మీపతికి ఆ ముసలామె మీద మొదటిసారి కోపం రాలేదు.

"ఎవరి పాపమూ లేదు వసుధా," అన్నాడు నెమ్మదిగా. "ఎవరూ సేసింది కాదు. గుండెలో రంధ్రం ఊరికే వచ్చింది. గడ్డ ఊరికే కట్టింది. దానికి అర్థమంటూ ఏమీ లేదమ్మా. వందలో ఐదుగురికి..."

"ఆ ఐదుగురిలో నా బిడ్డ యాల ఉండాల?"

"ఎందుకు అనే దానికి జవాబు లేదు."

"తొంభై ఐదు మందికి సెప్పుకోను నీ లెక్క శానా బాగుంటాది న్నా. ఆ ఐదుగురి అమ్మలకు ఏం సెప్తారు మీరు?"

ఇరవై రెండేళ్లలో ఏ విద్యార్థీ అడగని ప్రశ్న అది.

వసుధ గొంతు తగ్గింది. "అమ్మ లేదనుకుందామంటే కుదరడంల్యా న్నా. లేని దానిమింద నాకు కోపం యాల వస్తాది? ఉండాది. ఉండి సెప్పింది. పువ్వు కుడికి పడింది నువ్వూ సూసినావు గదా. బిడ్డ బెదురుకోనుంటే, అమ్మ సరే అనింది, నీకేమీ కాదని నేనే సెప్పినా. లోపలికి తోసకపోయేటప్పుడు నా సెయ్యి వదిల్తా ఏమనిందో తెల్సా? 'అమ్మ సెప్పింది గదా మా, నువ్వు ఏడవద్దు' అనింది. నాకు ధైర్యం సెప్పి పోయింది న్నా అది. ఆ యమ్మ మాట నమ్మి నా సేత్తో నేనే పంపినా. ఇంక నేనుండి ఏం సేయాల?"

ఆ చివరిమాట ఆమె ఏడుస్తూ చెప్పి ఉంటే ఆయన అంత బెదిరేవాడు కాదు. పొయ్యి మీద పాలు పెట్టినానని చెప్పినంత మామూలుగా చెప్పింది. వెంకటేష్ డబ్బాలు దాచింది ఎందుకో ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. "ఈడే ఉండమ్మా. ఇప్పుడే వస్తా," అని లేచి గుడి వైపు దాదాపు పరిగెత్తాడు. ఇక దాచడం కుదరదు. ఇద్దరం కలిసి చేసిన పని, ఇద్దరం కలిసి ఒప్పుకోవాలి.

పాపయ్య గుడి వెనక చెంబులు తోముతున్నాడు.

"మామా, లెయ్. నాతో రా. ఆ పువ్వును మనమే పడేసినామని వసుధకు సెప్పేద్దాం."

పాపయ్య చెయ్యి ఆగింది. "మనమెవరప్పా? నేనేమీ సేయలేదే."

"కాడ కుడికి వాల్చి పెట్టలేదా?"

"పెడదామనే పోయినా. నీ బాధ సూసి. ఆ యమ్మ మొగం సూసినంక నా వల్ల కాలేదు. నలభై ఏండ్లుగా ఎట్ల పెడ్తాండానో అట్లే పెట్టి సెయ్యి తీసేస్తి. పువ్వు దానంతట అదే పడింది."

లక్ష్మీపతి అక్కడే రాతిమీద కూలబడ్డాడు. మొదట కలిగింది సంతోషం. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, సంతోషమే. మూడు నెలలుగా నెత్తిన మోస్తున్న బండ దిగిపోయింది. పువ్వు పడటంలో తన చెయ్యి లేదు. తడి ఎటు ఎక్కువుందో, పసుపు ఎటు మందంగా పూశారో, ఎటైనా పడొచ్చు, ఈసారి అటు పడింది. నాణెం ఎగరేస్తే బొమ్మో బొరుసో పడినట్టే. అందులో ఎవరి పాపమూ లేదు.

తర్వాత వసుధ మాట గుర్తొచ్చి సంతోషం చచ్చిపోయింది. తనకు బండ దించిన నిజమే చెల్లెలికి ఉరి. పువ్వును ఎవరూ ముట్టలేదంటే ఆమె లెక్కలో గంగమ్మే చెప్పినట్టు. చెప్పి పిల్లను పట్టుకుపోయినట్టు. నాణెం, పసుపు, తడి అని ఎంత చెప్పినా ఆ తల్లి చెవికెక్కదు.

పాపయ్య చెంబు బోర్లించి పక్కన కూర్చున్నాడు. "నాకూ నిద్దర పట్టడంల్యా అప్పా. అమ్మ యాల అట్ల సెప్పిందా అని. నేను ఆ యమ్మను ఇంతవరకు ఏదీ అడగలేదు. ఇప్పుడు అడగాలంటే భయంగా ఉండాది."

నమ్మినవాడూ నమ్మనివాడూ ఒకే రాతిమీద కూర్చున్నారు. ఇద్దరిలో ఎవరి దగ్గరా వసుధకు చెప్పగలిగిన మాట లేదు.

చివరికి లక్ష్మీపతి లేచాడు. "పువ్వు తెచ్చింది నేనే గదా మామా?"

"అవును. మేనమామవు, నువ్వే తెస్తివి."

"నేను వసుధకు ఏం సెప్పినా నువ్వు నోరు తెరవొద్దు."

ఆయన ఏం చేయబోతున్నాడో పాపయ్యకు అర్థమైంది. "వద్దప్పా. ఆ బిడ్డ నిన్ను మళ్లా సూడదు," అన్నాడు.

"సూడకపోయినా పర్వాలేదు. బతికుండాల."

తిరిగొచ్చేసరికి వసుధ అలాగే కూర్చుని ఉంది. ఆయన ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. ఇంతకాలం పిల్లలకు అబద్ధాలు ఎలా కనిపెట్టాలో నేర్పినవాడు. ఎలా ఆడాలో ఇప్పుడు వెతుక్కున్నాడు.

"వసుధా, ఆ పొద్దు పువ్వు అమ్మ పడేయలేదు. నేను పడేసినా. ఎడమకు పడితే నువ్వు పంపనంటివి. అందుకని గుండుసూది విరిసి, రేకుల కింద ఒక పక్కగా గుచ్చి తెచ్చినా. ఆ బరువుకు కుడికే పడతాది."

వసుధ కళ్లు చిన్నవయ్యాయి. "పాపయ్య సూడలేదా?"

"ఆయనకు కండ్లు సరిగా ఆనవు గదా."

"అయితే అమ్మ సెప్పలేదా?"

"సెప్పే సందు నేనియ్యలేదు."

ఆమె అన్న మొహాన్ని పరికించి చూసింది. తర్వాత బడిసంచి తీసి ఆయన ముందు పెట్టింది. "దీనిమింద సెయ్యి పెట్టి ఒట్టెయ్."

"నాకు ఒట్లమింద నమ్మకం లేదమ్మా."

"నాకుండాది."

సంచి మీద చీటీలో "వర్షిత, 5వ తరగతి" అని తాను రాసిచ్చిన అక్షరాలే. లోపల జామెట్రీ బాక్సు చేతికి తగిలింది. అబద్ధపు ఒట్టేస్తే కళ్లు పోతాయని చిన్నప్పుడు వాళ్లమ్మ బెదిరించేది. అది ఉత్తమాటని ఆయనకు పన్నెండో ఏటనుంచీ తెలుసు. అయినా కళ్లు మూసుకున్నాడు.

"వర్షిత మీద ఒట్టు. పువ్వును పడేసింది నేనే."

కళ్లు తెరిచేలోపల వసుధ ఆయన చొక్కా పట్టుకుంది. రెండు చేతులా రొమ్ముమీద గుద్దింది. గుద్దుతూ గుద్దుతూ ఏడ్చింది. పిల్లను మట్టిలో పెట్టిననాడు కూడా రాని ఏడుపు ఊరంతా వినబడేలా వచ్చింది. నాగమ్మ పరిగెత్తుకొచ్చి గుంజకు ఆనుకుని నిలబడిపోయింది. లక్ష్మీపతి చేతులు అడ్డం పెట్టలేదు.

"అయితే అమ్మ వద్దనే అనింటాది," అంది వసుధ రొప్పుతూ. "ఆ యమ్మ నా బిడ్డను కాపాడాలనే సూసుంటాది. నువ్వే ఆ యమ్మ నోరు మూసినావు. నీ సదువుతో మూసినావు." లేచి తూలుతూ లోపలికి పోయింది. గోడకు తిప్పిన పటాన్ని ఇటు తిప్పి, దాని ముందు బోర్లా పడి, "తల్లీ, నిన్ను అనరాని మాటలంటి, తప్పయిపోయింది" అని తల నేలకు కొట్టుకుంది. నాగమ్మ పోయి పట్టుకుంది.

కాసేపటికి గడప దగ్గరికి వచ్చి, అన్న వైపు చూడకుండా అంది: "నువ్వు పో న్నా. ఇంక ఈ గడప తొక్కొద్దు."

ఆయన చెప్పులేసుకుని బయల్దేరాడు. గుడి ముందు పాపయ్య నిలబడి ఉన్నాడు.

పుంగనూరు బస్టాండులో ఫోన్ మోగింది. నాగమ్మ. "తినింది," అంది. "సంగటి ముద్దలో సగం, రొంత పప్పు. దీపం కూడా పెట్టింది." ఆమె గొంతు గట్టిపడింది. "ఇంక నువ్వు ఫోను సెయ్యొద్దప్పా. వెంకటేషుకు సెప్పేసినా. వాడు నిన్ను సూస్తే వదలడు. నీ నీడ మా ఇంటిమింద పడొద్దు."

"మంచిదత్తా," అన్నాడు.

బస్సు కదిలింది. లేదని జీవితమంతా వాదించిన దేవత నేరాన్ని తాను నెత్తికెత్తుకున్నానని, అది తన నేరం కాదని, ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. పాపయ్యకు తెలుసు. ఆయన రేపు పొద్దున గర్భగుడిలో నిలబడి ఈ సంగతంతా గంగమ్మకు చెప్పుకుంటాడు. లక్ష్మీపతికి చెప్పుకోవడానికి ఎవరూ లేరు. కండక్టరు వచ్చి యాడికి సార్ అంటే కుప్పం అన్నాడు. టికెట్టు జేబులో పెట్టుకుని, ఒట్టేసిన చేతిని ఒడిలో దాచుకుని, కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు.